ముసలితనానికి కూడా పాసుబుక్కు కావాలా?

రైతుబీమా 18 ఏళ్ల నుంచి 59 ఏళ్ల వరకే. 2018 ఆగస్టులో పథకం మొదలైన నాటి నుంచి ఇదే నిబంధన. యాభై తొమ్మిదేళ్ల రైతు చనిపోతే ఆ ఇంటికి ఐదు లక్షలు వస్తాయి. అదే రైతు అరవై నిండినాక, అదే చెలకలో, అదే పత్తికి మందు కొడుతూ పడిపోతే ఒక్క రూపాయి రాదు. వయసు పెరిగినకొద్దీ ప్రీమియం పెరుగుతుందన్న బీమా కంపెనీ లెక్క మాకూ తెలుసు. కానీ ఆ ప్రీమియం కట్టేది ప్రభుత్వం. కాబట్టి గీత గీసింది కూడా ప్రభుత్వమే. నెన్నెల, వేమనపల్లి, కన్నెపల్లి, భీమిని మండలాల్లో అరవై దాటి కూడా అరక పట్టేవాళ్లు, పత్తి ఏరేవాళ్లు ఎందరున్నారో ఆ గీత గీసినవాళ్లు ఒక్కనాడు వచ్చి చూస్తే బాగుండేది. పైగా మన ఊళ్లలో ఎంతోమందికి పుట్టినరోజంటే ఆధార్‌లో పడిన జనవరి ఒకటే. ఆనాడు మిషను ముందు కూర్చున్న పిల్లగాడు మనిషిని చూసి అంచనాకు వేసిన వయసే ఇవాళ బీమా ఉంటుందో పోతుందో తేలుస్తున్నది.

ఈ నెల మేం రాస్తున్నది బీమా ఒక్కదాని గురించి కాదు. ఎవరి ముసలితనం నిశ్చింతగా గడుస్తున్నది, ఎవరిది కైకిలికి పోతేనే గడుస్తున్నది, ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది అనే దాని గురించి. వయసులో ఉన్నప్పుడు పొదుపు చేసుకోలేదని ముసలివాళ్లను తప్పుపట్టే మాటలు ఈ మధ్య బ్యాంకుల అవగాహన సదస్సుల్లో కూడా వినిపిస్తున్నాయి. ఏం పొదుపు చేస్తారు? తాత వదిలిపోయిన భూమి లేనివాడు, తండ్రి వదిలిపోయిన నౌకరీ లేనివాడు, మిత్తి కట్టగా మిగిలినదాంట్లో పొదుపు చేయాలా? తేడా అలవాట్లలో లేదు, ఆస్తిలో ఉంది. ఆస్తిని మన దగ్గర కులం పంచింది. ఆ పంపకాన్నే చట్టాలు, జీవోలు, పథకాలు ఇప్పటిదాకా మోసుకొస్తున్నాయి.

మన ప్రాంతంలో ముసలితనానికి రెండే ఆధారాలుండేవి. ఒకటి భూమి, రెండోది బొగ్గుబాయి.

ముందు భూమి సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దళితులు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సాగు కమతాల విస్తీర్ణంలో వాళ్ల చేతిలో ఉన్నది 9 శాతం లోపే. ఆ కొంచెంలోనూ సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమి చాలా ఉంది. గుట్టల అంచున, రాళ్లచెలక, నీళ్లు ఎక్కని భూమి. బెల్లంపల్లి శాసనసభ స్థానం ఎస్సీలకు రిజర్వు అయింది. ఆ రిజర్వేషను ఓటుకే గాని చెలకకు లేదు.

అసైన్డ్ భూమిని అమ్మకూడదు, కొనకూడదు అని 1977లో చట్టం వచ్చింది. అది మంచి చట్టమే. అది లేకపోతే మాల, మాదిగ, నేతకాని కుటుంబాలకు వచ్చిన ఆ రెండెకరాలు ఏనాడో దొరల ఖాతాలో కలిసేవి. కానీ ముసలితనంలో దాని రెండో ముఖం కనిపిస్తుంది. పట్టా భూమి ఉన్న డెబ్బై ఏళ్ల రైతుకు గుండె ఆపరేషను పడితే పది గుంటలు అమ్ముతాడు. రోడ్డు పక్కన ఉంటే ఆ పది గుంటలతోనే ఆపరేషనూ అయిపోతుంది, మనుమరాలి పెళ్లీ అయిపోతుంది. అసైన్డ్ భూమి ఉన్నాయనకు అదే జబ్బు వస్తే మూడు రూపాయల మిత్తికి తెస్తాడు. అంటే ఏడాదికి నూటికి ముప్పై ఆరు. భూమి ధర పక్కన లక్షల్లో పెరుగుతుంటే, ఆ పెరుగుదలంతా పక్కవాడి ఆస్తిలోకే చేరుతుంది. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే వాన, ఒకే పత్తి. ఆస్తి మాత్రం తరం తరానికీ దూరం జరుగుతూ పోతుంది.

భూమి లేని దళిత కుటుంబానికి మూడెకరాలు ఇస్తామని 2014 ఆగస్టు 15న గోల్కొండ కోట మీద చెప్పారు. లక్షల కుటుంబాలు ఎదురుచూస్తే పంపిణీ వేలల్లోనే ఆగిపోయింది. ఆ తర్వాత ఆ మాటే వినపడలేదు, 2021లో దళితబంధు అని కొత్త పేరు వచ్చింది. తిర్యాణి వైపు గోండు, కోలాం గూడేలకు పోతే కథ ఇంకోరకం. అక్కడ 1/70 చట్టం ఉంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది, చట్టాలకు కొదువ లేదు. 2005 డిసెంబర్ 13కు ముందునుంచి సాగులో ఉన్నట్టు రుజువు చూపాలి. తాత నరికిన చెట్టు మొద్దు తప్ప రుజువేం ఉంటుంది? 2022లో మన జిల్లాలోనే, దండేపల్లి మండలం కోయపోచగూడలో, పోడు భూమి కోసం నిలబడిన ఆదివాసీ ఆడవాళ్లను జైలుకు పంపారు. ఆ తల్లులకు అరవై ఏళ్లు వచ్చేనాటికి చేతిలో ఏం కాగితం ఉంటుందో, ఆ కాగితం మీద ఏ పథకం వస్తుందో ఎవరైనా చెప్పగలరా?

ఇక బొగ్గుబాయి. దీని గురించి రైతు పత్రికలో ఎందుకు అని కొందరు అడగవచ్చు. బెల్లంపల్లిలో రైతు కథ, బాయి కథ వేరు చేసి చెప్పడం సాధ్యం కాదు. కరువొచ్చి, వెట్టి భరించలేక ఊరొదిలినవాళ్లే బాయిలోకి దిగారు. తట్టలతో బొగ్గు నింపిన ఫిల్లర్లలో భూమి లేని కులాల వాళ్లే ఎక్కువ. బాయి జీతంతోనే ఎంతోమంది ఊళ్లో ఎకరం, రెండెకరాలు కొన్నారు. భూమి తలుపు మూసి ఉన్న కులాలకు తెరిచి ఉన్న ఒకే ఒక తలుపు అది. నెలజీతం, క్వార్టరు, దవాఖాన, దిగిపోయేనాడు ప్రావిడెంటు ఫండు. మారుపేరు మీద పనికెక్కినవాళ్లు కూడా ఆ పేరుతోనే ముసలివాళ్లయి ఫండు తీసుకున్నారు.

ఆ తలుపు ఎట్లా మూసుకుపోయిందో చూడండి. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా పర్మినెంటు కార్మికులుండేవారు. ఇప్పుడు దాదాపు నలభై వేలు. బెల్లంపల్లి పట్టణం చుట్టూ ఉన్న పాత బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. బొగ్గు తగ్గలేదు, ఓపెన్‌కాస్టులతో పెరిగింది. తగ్గింది పర్మినెంటు మనిషి. ఆయన జాగాలో కాంట్రాక్టు మనిషి వచ్చాడు. 2024 సెప్టెంబరులో లాభాల వాటా ప్రకటించినప్పుడు పర్మినెంటు కార్మికుడికి సగటున లక్షా తొంభై వేలు వచ్చింది. కాంట్రాక్టు కార్మికుడికి ఐదు వేలు. అదీ సంస్థ చరిత్రలో మొదటిసారి అని గొప్పగా చెప్పారు. అంటే అప్పటిదాకా సున్నా అన్నమాట. పర్మినెంటు కార్మికుడికి ఎక్కువ వచ్చిందని మాకు కడుపుమంట లేదు, అది పోరాడి సాధించుకున్న వాటా. మేం అడిగేది, 2022లో పద్దెనిమిది రోజులు సమ్మె చేసిన కాంట్రాక్టు కార్మికులకు అరవై ఏళ్లకు ఏం మిగులుతుంది అని. బొగ్గు గనుల పింఛన్ పథకంలో నెలనెలా పింఛన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా లెక్క మళ్లీ మొదటికొచ్చే మనిషి పదేళ్లు ఎక్కడ చూపిస్తాడు?

పర్మినెంటుగా దిగిపోయినవాళ్లది కూడా సుఖమైన ముసలితనం కాదు. 1998 నాటి ఆ పింఛన్ పథకంలో ఇచ్చేది సగటు జీతంలో పావు వంతు. ఒకసారి నిర్ణయమైతే అంతే, కరువు భత్యం లేదు. పాతికేళ్ల కింద దిగిపోయిన వాళ్లకు ఆనాటి జీతం మీద పావు వంతే ఇప్పటికీ వస్తున్నది. 2024లో కనీస పింఛన్ వెయ్యి రూపాయలు చేశారంటేనే, అంతకు ముందు వెయ్యి లోపు తీసుకున్న ముసలివాళ్లు ఉన్నారని అర్థం. దేశానికి కరెంటు ఇచ్చిన ఊపిరితిత్తులకు నెలకు వెయ్యి.

ఇప్పుడు చట్టాల సంగతికి వద్దాం. దేశంలో బొగ్గు గని కార్మికులకు 1948లోనే ప్రావిడెంటు ఫండు చట్టం వచ్చింది. ఫ్యాక్టరీ కార్మికులకు 1952లో వచ్చింది. వ్యవసాయ కూలీకి, కౌలు రైతుకు, చిన్న రైతుకు అటువంటి చట్టం ఇవాళ్టికీ లేదు. ఏ చట్టంలోనూ ఫలానా కులానికి ఇవ్వకూడదని రాయలేదు. రాయాల్సిన అవసరం కూడా లేదు. ‘వ్యవసాయ కూలీ’ అని రాస్తే చాలు, ఎవరు బయట మిగిలారో ఊళ్లో అందరికీ తెలుసు.

ఇది మన ఒక్క దేశపు తెలివి కాదు. అమెరికాలో 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టం చేసి ముసలివాళ్లకు పింఛన్ పెట్టారు. అందులో వ్యవసాయ కూలీలను, ఇళ్లల్లో పనిచేసేవాళ్లను పక్కన పెట్టారు. ఆ రోజుల్లో నల్లజాతి కార్మికుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది చేసేవి ఆ రెండు పనులే. దక్షిణాది భూస్వాముల ప్రతినిధులు పట్టుబట్టి తీసేయించారా, చందా వసూలు కష్టమని అధికారులే వద్దన్నారా అని అక్కడి చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. వాదన ఎటు తేలినా, పొలంలో పనిచేసిన నల్లవాడికి పింఛన్ రాలేదు. 1950లో కొందరిని, 1954లో మరికొందరిని చేర్చుకునేసరికి ఒక తరం దాటిపోయింది. 1920లో అక్కడ తొమ్మిది లక్షలకు పైగా నల్లజాతి రైతులుండేవారు. ఇప్పుడు యాభై వేల లోపే. అప్పుల మంజూరులో వ్యవసాయ శాఖ వివక్ష చూపిందని వాళ్లు కోర్టుకెక్కితే 1999లో ప్రభుత్వం రాజీకి వచ్చి పరిహారం కట్టింది. అప్పటికే భూములు పోయాయి. 2022లో అక్కడి కేంద్ర బ్యాంకు చేసిన సర్వేలో, మధ్యస్థంగా ఉన్న తెల్ల కుటుంబం ఆస్తి 2,85,000 డాలర్లు, నల్ల కుటుంబానిది 44,900 డాలర్లు. ఆరింతల తేడా. చట్టం వచ్చి దాదాపు తొంభై ఏళ్లయినా ఆ గుంత పూడలేదు. మనమింకా అటువంటి చట్టం గడప కూడా తొక్కలేదు.

మరి కేంద్రం 2019లో తెచ్చిన కిసాన్ మాన్‌ధన్ ఉంది కదా అంటారు. సెప్టెంబరు 12న రాంచీలో ప్రధాని స్వయంగా ప్రారంభించారు. చిన్న, సన్నకారు రైతులకు అరవై ఏళ్లకు నెలకు 3,000. చేరాలంటే 18 నుంచి 40 ఏళ్ల మధ్య ఉండాలి. నలభై ఒకటి వచ్చిందంటే తలుపు మూసినట్టే. మన సంఘం సభ్యుల్లో నలభై లోపు వాళ్లెందరో మీరే లెక్కేసుకోండి. భూమి రికార్డుల్లో పేరుండాలి, కాబట్టి కౌలుదారు అవుట్. వయసును బట్టి నెలకు 55 నుంచి 200 దాకా రైతు కట్టాలి, అంతే మొత్తం కేంద్రం వేస్తుంది. ఇరవై తొమ్మిదేళ్లకు చేరినవాడు నెలకు వంద చొప్పున ముప్పై ఒక్క ఏళ్లు కట్టాలి. అప్పుడు వచ్చే 3,000 ఎంత? ఏటా నూటికి ఆరు చొప్పున ధరలు పెరిగినా, ఇవాళ్టి లెక్కలో ఐదు వందలు కూడా కాదు. పద్దెనిమిదేళ్ల పిల్లగాడు చేరితే నలభై రెండేళ్ల తర్వాత వచ్చేది ఇవాళ్టి 260 రూపాయలతో సమానం. ఒక సిలిండరు కూడా రాదు. అదే కేంద్రం తన ఉద్యోగులకు 2025 ఏప్రిల్ నుంచి తెచ్చిన ఏకీకృత పింఛన్‌లో పదేళ్లు పనిచేస్తే కనీసం 10,000, దానిమీద కరువు భత్యం అంటున్నది. ఉద్యోగికి ఇవ్వాల్సిందే. రైతు పింఛన్‌కు ధరల పెరుగుదల ఎందుకు వర్తించదో మాత్రం ఢిల్లీ జవాబు చెప్పాలి. రైతు తినే ఉప్పు, పప్పు వేరే దుకాణంలో పాత ధరకు దొరుకుతాయా?

ఇక అందరికీ తెలిసిన పింఛన్. కేంద్రం 1995లో వృద్ధులకు 75 రూపాయలతో మొదలుపెట్టింది. ఎనభై లోపు వాళ్లకు కేంద్రం వాటా ఇప్పుడు 200, అది 2007 నుంచి కదలలేదు. రోజుకు ఏడు రూపాయలు కూడా కాదు. చాయ్ కూడా రాదు. మిగతాది రాష్ట్రం కలుపుతుంది. 2014లో వెయ్యి, 2019లో 2,016. 2023 ఎన్నికల్లో 4,000 చేస్తామన్నారు. 2024 అంతా 2,016తోనే గడిచింది. రోజుకు 67 రూపాయలు. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ముసలివాళ్లయితే ఇద్దరిలో ఒక్కరికే. అరవై ఏళ్లు కలిసి పనిచేసినవాళ్లను ఒకరి పింఛన్ మీద ఇంకొకరు ఆధారపడమని చెప్పే ఈ నిబంధన ఎవరి బుర్రలో పుట్టిందో గాని, దాని బరువు మోసేది అవ్వలే. దేశంలో సాగు కమతాల్లో ఆడవాళ్ల పేరిట ఉన్నవి 14 శాతం. నాట్లు వాళ్లవి, కలుపు వాళ్లది, పత్తి ఏరుడు వాళ్లది. పాసుబుక్కు మాత్రం ఆయనది. ఆయన పోయినాక కొడుకులది.

ఈ మాట వచ్చినప్పుడల్లా ఎదురయ్యే జవాబు ఒకటుంది: రైతుకు భూమే పింఛన్ అని. మన సంఘం సమావేశాల్లోనూ ఈ మాట వింటుంటాం. ఎవరికి భూమి పింఛన్? పదిహేనెకరాలుండి, కొడుకులు హైదరాబాదులోనో డల్లాసులోనో ఉన్నాయనకు అవును. తెలంగాణలో సగటు కమతం రెండున్నర ఎకరాలు. దాన్ని ఇద్దరు కొడుకులకు పంచితే ముసలాయనకు మిగిలేది చెట్టుకింద మంచం. కొడుకు మంచోడైతే బువ్వ, కాకపోతే అదీ లేదు. ఈ విషయంలో రెడ్డి, వెలమ కులాల చిన్న రైతులు కూడా మాతో ఉండాలని అడుగుతున్నాం. ఐదెకరాల రెడ్డి ముసలితనం కూడా నిశ్చింతగా లేదు. కాకపోతే ఆయన వెనుక మేనమామ భూమో, బావమరిది నౌకరీయో, అప్పిచ్చే చుట్టమో ఉంటారు. ఆ పక్కింటి కౌలుదారు వెనుక ఎవరూ ఉండరు. అవసరం ఇద్దరిదీ, అంచు దగ్గర నిలబడ్డది ఒక్కడు.

కౌలుదారుకు కార్డిస్తే రేపు భూమి నాదంటాడని భయపెట్టేవాళ్లున్నారు. 2011 నాటి సాగుదారుల చట్టం చదవండి. రుణ అర్హత కార్డుతో భూమి మీద ఏ హక్కూ రాదని అందులో రాసే ఉంది. కార్డు ఏడాదికోసారిది. అటువంటి చట్టం చేతిలో ఉండి కూడా 2018లో రైతుబంధు పెట్టినప్పుడు కౌలుదారును లెక్కలోకే తీసుకోలేదు. ఎకరాల పరిమితి లేకుండా పట్టాదారు ఖాతాలో డబ్బు వేశారు. గుట్టలకు, రోడ్లకు, ప్లాట్లకు, సాగులో లేని భూములకు ఇరవై వేల కోట్లకు పైగా పోయిందని 2024 డిసెంబరులో ఇప్పటి ప్రభుత్వమే చెప్పింది. పింఛన్‌కు డబ్బెక్కడిది అని అడిగేవాళ్లకు మా జవాబు ఆ ఇరవై వేల కోట్లే. గుట్టకు పంట సాయం ఇవ్వగలిగిన ఖజానా మనిషికి ముసలితనంలో బువ్వ పెట్టలేదా? 2025 జనవరిలో ఆత్మీయ భరోసా పేరుతో భూమిలేని కూలీ కుటుంబానికి ఏడాదికి 12,000 అన్నారు. అందులోనూ ఉపాధి హామీలో ఇరవై రోజులు పనిచేసి ఉండాలన్నారు. డెబ్బై ఏళ్ల అవ్వ మట్టి తట్ట ఎత్తి చూపించాలన్న మాట.

మేం అడుగుతున్నది ఇది. సేద్యం మీద బతికిన ప్రతి మనిషికీ, పట్టాదారు, అసైన్డ్‌దారు, కౌలుదారు, పోడుదారు, కైకిలి మనిషి అన్న తేడా లేకుండా, మగవాళ్లకు అరవై, ఆడవాళ్లకు యాభై ఐదు నిండగానే పింఛన్ హక్కుగా రావాలి. ఇంటికొకటి కాదు, మనిషికొకటి. మొత్తం ఎంతంటే, ఉపాధి హామీలో పదిహేను రోజుల కూలి. 2024-25లో రోజుకూలి 300, అంటే నెలకు 4,500. కూలి పెరిగినప్పుడల్లా పింఛన్ పెరగాలి, ఎన్నికల కోసం ఆగకూడదు. కేంద్రం తన 200 రూపాయల సిగ్గుమాలిన వాటాను సగానికి తేవాలి. రైతుబీమాకు వయసు గీత తీసేయాలి, కౌలుదారును చేర్చాలి. బొగ్గు గని పింఛన్‌కు కరువు భత్యం కలపాలి. కాంట్రాక్టరు మారినా కాంట్రాక్టు కార్మికుడి సర్వీసు కలిపి లెక్కించాలి. ఈ చివరి రెండింటి మీద కార్మిక సంఘాలతో కలిసి నడవడానికి మేం సిద్ధం. ఊళ్లో రైతు, బాయి మీద కార్మికుడు ఒకే ఇంటివాళ్లు.

ఈ నెలాఖరులోగా ప్రతి గ్రామ కమిటీ ఒక నోటుబుక్కులో నాలుగు గడులు గీసి రాయాలి. అరవై దాటినవాళ్లలో పింఛన్ వస్తున్నది ఎవరికి, రానిది ఎవరికి, వాళ్ల పేరిట భూమి ఉందా, ఉంటే పట్టానా అసైన్డా పోడా, ఇప్పటికీ కైకిలికి పోతున్నారా. ఆధార్‌లో వయసు తప్పుపడినవాళ్లది వేరే పేజీలో రాయండి. కులం గడి వద్దని కొందరు మొహమాటపడతారు, అది తప్పక ఉండాలి. దళితవాడ, గూడెం వదిలేసి ఊరి నడుమ ఇళ్లు మాత్రమే తిరిగి వస్తే ఆ జాబితా మేం తీసుకోం. బాయిలో చేసి దిగిపోయినవాళ్ల పింఛన్ ఎంతో కూడా అడిగి రాసుకోండి. మొత్తం బెల్లంపల్లిలో కలిపి, సంతకాలతో, వచ్చే ప్రజావాణి రోజున మంచిర్యాల కలెక్టరు ఆఫీసుకు మనమే మోసుకుపోదాం. నడవగలిగిన అవ్వలు, తాతలు ముందు వరసలో ఉంటారు. ట్రాక్టర్లు ఉన్నవాళ్లు ముందే పేరివ్వండి.